లైనక్స్‌లో హార్డ్ డిస్క్ ఓపెన్ కావట్లేదా? ఫార్మాట్ నొక్కే ముందు ఈ ఐదు మెట్లు

 

ఈ ఎపిసోడ్ టాపిక్ చాలా చిన్నది. పెన్ డ్రైవో, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కో లైనక్స్ ల్యాప్‌టాప్‌కి పెడతాం. మామూలుగా అయితే దానంతట అదే మౌంట్ అయి, ఫైల్స్ విండో ఓపెన్ అవ్వాలి. అవ్వదు. లైట్ వెలుగుతూ ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ ఉండదు. అప్పుడేం చెయ్యాలి?

దీనికి వంద వీడియోలు ఉన్నాయి, మళ్లీ నువ్వెందుకు అంటారా? వాటిలో చాలావరకు "ఈ కమాండ్ కొట్టండి, అయిపోతుంది" అని మొదలవుతాయి. నేను చెప్పాలనుకున్నది వేరే. డిస్క్ మౌంట్ కాకపోవడం వేరు, డేటా పోవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని భయపడి మనం చేసే పని ఉంటుంది చూడండి, డేటా నిజంగా పోయేది అక్కడే. నేను ఆ అంచు దాకా వెళ్లి వచ్చాను. అందుకే ముందు ఆ కథ.

బాబాయ్ డిస్క్

మా బాబాయ్‌కి ఊళ్లో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, అన్నీ తీస్తాడు. మాఘమాసం సీజన్‌లో మూడు పెళ్లిళ్ల ఫోటోలు, వీడియోలు ఒకే హార్డ్ డిస్క్‌లో వేశాడు. 1 టీబీ డిస్క్. కెమెరా కార్డులు అప్పటికే ఖాళీ చేసి నాలుగో పెళ్లికి వాడేశాడు. అంటే ప్రపంచంలో ఆ ఫోటోలకి ఉన్న కాపీ అదొక్కటే.

ఒకరోజు ఆల్బమ్ పని చేస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ లేదు. కరెంటు వచ్చాక స్టూడియో పీసీ ఆన్ కాలేదు, ఎస్‌ఎమ్‌పీఎస్ కాలిపోయింది. సరే, రిపేర్‌కి ఇచ్చాడు. మామూలుగా అయితే నాలుగు రోజులు ఆగేవాడే. కానీ అదే వారం ఆ పెళ్లిళ్లలో ఒక ఇంట్లో పెళ్లికొడుకు వాళ్ల నాయనమ్మ చనిపోయారు. పెద్దకర్మ రోజున పెట్టడానికి ఫోటో కట్టించాలి, ఆవిడ బాగా నవ్వుతూ ఉన్నది పెళ్లిలో తీసిందే, అది కావాలి అని వాళ్లు ఫోన్ చేశారు. మధ్యలో రెండు రోజులే ఉంది.

బాబాయ్ డిస్క్ బ్యాగ్‌లో పెట్టుకుని బస్సెక్కి హైదరాబాద్‌లో మా రూమ్‌కి వచ్చేశాడు. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్ చదివావు కదా, ఇందులోంచి ఒక్క ఫోటో తీసివ్వు చాలు" అన్నాడు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది లైనక్స్ మాత్రమే. డిస్క్ పెట్టాను. లైట్ వెలిగింది. తిరుగుతున్న చప్పుడు వచ్చింది. విండో ఓపెన్ కాలేదు.

ఫైల్ మేనేజర్ ఓపెన్ చేసి, పక్కన కనిపిస్తున్న డిస్క్ పేరు మీద క్లిక్ చేశాను. ఒక ఎర్రర్ వచ్చింది. రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్ అంటూ పొడుగ్గా ఉంటుంది. బ్యాడ్ అన్న మాట రెండుసార్లు చూసేసరికి నాకు చెమటలు పట్టాయి. నిజానికి అది మౌంట్ అనే ప్రోగ్రామ్, కారణం తనకి సరిగ్గా తెలియనప్పుడు ఇచ్చే జనరల్ మెసేజ్. "ఇదైనా కావచ్చు, అదైనా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు" అని చెప్తోంది, అంతే. నేను చివరిదాకా చదవలేదు.

తర్వాత ఏం చేశానో వినండి. కేబుల్ మార్చాను. రీస్టార్ట్ చేశాను. ఓటీజీ అడాప్టర్‌తో ఫోన్‌కి పెట్టాను. ఫోన్‌లో నోటిఫికేషన్ వచ్చింది, ఈ డ్రైవ్ సపోర్ట్ చేయట్లేదు, సెటప్ చేయడానికి ట్యాప్ చేయండి అని. ట్యాప్ చేస్తే కింద ఫార్మాట్ బటన్. నా బొటనవేలు దాని మీదే ఉంది. బాబాయ్ పక్క నుంచి "ఫార్మాట్ అంటే చెరిపేయడం కాదూ?" అని అడగకపోతే ఏమయ్యేదో నాకే తెలీదు. ఇంజనీరింగ్ చదివింది నేను, ఆపింది ఆయన.

కింద వీధిలో ఉన్న రిపేర్ షాప్ అతన్ని అడిగితే, "ఫార్మాట్ కొట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ రన్ చేద్దాం, గ్యారంటీ మాత్రం లేదన్నా" అన్నాడు. డిస్క్ వెనక్కి తీసుకుని పైకి వచ్చేశాను. ఒక గ్లాసు నీళ్లు తాగి, ఆఫీసులో సర్వర్ పడిపోతే ఎలా చూస్తామో అలా చూద్దాం అనుకున్నాను. కింద నుంచి పైకి, ఒక్కో మెట్టు. ఈ ఎపిసోడ్ అంతా ఆ మెట్లే.

అసలు మౌంట్ అంటే ఏంటి

విండోస్‌లో సి డ్రైవ్, డి డ్రైవ్, ఈ డ్రైవ్ అని వేరువేరుగా ఉంటాయి. లైనక్స్‌లో అలా ఉండదు. మొత్తం ఒకటే చెట్టు. కొత్త డిస్క్ వస్తే దాన్ని ఆ చెట్టులో ఏదో ఒక ఫోల్డర్‌కి తగిలించాలి. ఆ తగిలించడమే మౌంట్. ఉబుంటులో సాధారణంగా మీడియా ఫోల్డర్‌లో మీ యూజర్ పేరు కింద తగిలిస్తుంది. ఫెడోరా, ఆర్చ్ లాంటి వాటిలో రన్ అనే ఫోల్డర్ లోపల ఉన్న మీడియా కింద తగిలిస్తుంది.

పెళ్లికి వచ్చిన చుట్టం అనుకోండి. ముందు గేటు దాకా రావాలి. ఎవరో గుర్తుపట్టాలి. ఏ తరఫు వాళ్లో తెలియాలి. ఆయన మాట మనకి అర్థం కావాలి. అప్పుడు తీసుకెళ్లి పంక్తిలో కూర్చోబెడతారు. చుట్టం పంక్తిలో కనిపించలేదంటే అసలు రాలేదని కాదు. ఈ ఐదింటిలో ఎక్కడో ఆగిపోయాడని. ఎక్కడ ఆగాడో కనుక్కోవడమే మన పని.

ఒక మాట. ఈ ట్రాన్‌స్క్రిప్ట్ చదువుతున్నవాళ్ల కోసం కమాండ్లని అక్షరాలు విడివిడిగా చెప్తాను. టైప్ చేసేటప్పుడు మధ్యలో హైఫన్లు వద్దు, నేను హైఫన్ అని మాటగా చెప్పిన చోట మాత్రమే పెట్టండి.

మొదటి మెట్టు: కేబుల్, కరెంటు

నవ్వకండి, చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీయాంప్స్. 3.0 పోర్ట్ అయితే 900. తిరిగే హార్డ్ డిస్క్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. నాలుగు పోర్టుల చవక హబ్‌లో పెట్టి, అదే హబ్‌లో కీబోర్డ్, మౌస్, ఫోన్ ఛార్జింగ్ పెడితే డిస్క్‌కి సరిపోదు. లైట్ వెలుగుతుంది, మోటార్ తిరగదు. లేదా తిరగబోయి ఆగుతుంది, మళ్లీ తిరగబోతుంది. టిక్ టిక్ అని వినిపిస్తుంది.

అందుకని హబ్ తీసేసి డైరెక్ట్‌గా ల్యాప్‌టాప్‌కి పెట్టండి. డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టుల్లో పెట్టండి. ఇంకో కేబుల్ ట్రై చేయండి. టైప్ సి కేబుళ్లలో కొన్ని ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి, డేటా వైర్లు లోపల ఉండవు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

మంచి కేబుల్, మంచి పోర్ట్‌లో కూడా టిక్ టిక్ ఆగకపోతే అది వేరే విషయం. వెంటనే పీకి పక్కన పెట్టండి. దాని గురించి చివర్లో చెప్తాను.

రెండో మెట్టు: కెర్నల్ గుర్తుపట్టిందా

టెర్మినల్ ఓపెన్ చేసి సుడో అని కొట్టి, స్పేస్ ఇచ్చి, డి-ఎమ్-ఇ-ఎస్-జి, మళ్లీ స్పేస్, హైఫన్ డబ్ల్యూ. దీన్ని డీమెసేజ్ అంటారు. కెర్నల్ తన డైరీ రాసుకుంటూ ఉంటుంది, దాన్ని లైవ్‌లో చూపిస్తుంది. ఇది రన్ అవుతుండగా డిస్క్ పెట్టండి. ముందు పెట్టి తర్వాత రన్ చేస్తే ఏ లైన్ దేనిదో తెలియదు.

అక్కడ నాలుగు రకాలుగా జరగొచ్చు.

ఒకటి, ఒక్క లైన్ కూడా రాలేదు. అయితే మెషీన్‌కి అక్కడ ఏదో ఉందనే తెలియలేదు. మొదటి మెట్టుకి వెళ్లండి.

రెండు, డివైస్ డిస్క్రిప్టర్ రీడ్ ఎర్రర్, మైనస్ 71 అని వస్తుంది. ఏదో ఉందని తెలిసింది కానీ పేరు అడిగితే సమాధానం రాలేదు. చాలాసార్లు కేబుల్, పోర్ట్, కరెంటు, వీటిలోనే తేడా ఉంటుంది.

మూడు, పేరు, కంపెనీ అన్నీ వచ్చాయి కానీ ఎస్‌డిఎ, ఎస్‌డిబి లాంటి పేరు ఇచ్చినట్టు లైన్ రాలేదు. ఆర్చ్ వాడేవాళ్లూ, ఇది మీకే. అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వచ్చింది, మీరు ఇంకా రీస్టార్ట్ చేయలేదు. రన్ అవుతున్నది పాత కెర్నల్, దాని మాడ్యూల్స్ డిస్క్‌లోంచి తీసేశారు. యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ లోడ్ చేద్దామంటే ఫైలే లేదు. రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. రాత్రంతా కూర్చుని తల పట్టుకునే సమస్య ఇది, పరిష్కారం మాత్రం ఒక నిమిషం.

నాలుగు, అటాచ్డ్ స్కజీ డిస్క్ అని వచ్చింది. కంగారు పడకండి, స్కజీ అన్నది పాత పేరు. యూఎస్‌బీ డిస్కులని కూడా కెర్నల్ ఆ దారిలోనే చూస్తుంది. ఈ లైన్ వచ్చిందంటే రెండో మెట్టు దాటారు.

ఇంకొక్కటి గుర్తుపెట్టుకోండి. ఐ ఓ ఎర్రర్ అని లైన్లు వరసగా వస్తూ ఉంటే డిస్క్ చదవడానికే కష్టపడుతోందన్నమాట. కేబుల్ మార్చినా అవే వస్తుంటే అక్కడే ఆగిపోండి. కింద మెట్లు ఎక్కొద్దు.

బాబాయ్ డిస్క్‌కి నాలుగోది వచ్చింది. ఐ ఓ ఎర్రర్లు లేవు. నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

మూడో మెట్టు: లోపల ఏముంది

ఎల్-ఎస్-బి-ఎల్-కె, స్పేస్, హైఫన్ ఎఫ్. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కమాండ్ ఇది. ఎందుకంటే ఇది చూస్తుంది అంతే, దేన్నీ ముట్టుకోదు. ఎన్నిసార్లు కొట్టినా నష్టం లేదు.

ఒక టేబుల్ వస్తుంది. డిస్క్ పేరు, దాని కింద పార్టిషన్లు, ఫైల్ సిస్టమ్ ఏంటి, లేబుల్ ఏంటి, యూయూఐడీ ఏంటి, ఎక్కడ మౌంట్ అయింది. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. చాలామంది యూఎస్‌బీ డిస్క్ ఎప్పుడూ ఎస్‌డిబి అనుకుంటారు. కొత్త ల్యాప్‌టాప్‌లలో లోపలిది ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్ ఉంటుంది, దాని పేరు వేరేగా ఉంటుంది. అప్పుడు యూఎస్‌బీ డిస్కే ఎస్‌డిఎ అవుతుంది. ఏదో వీడియోలో ఎస్‌డిబి అన్నారని గుడ్డిగా కొట్టకండి. హైఫన్ ఎఫ్ లేకుండా మళ్లీ కొడితే సైజ్ కనిపిస్తుంది, దాన్ని చూసి ఇదే మనది అని నిర్ధారించుకోండి.

మౌంట్ పాయింట్ దగ్గర ఆల్రెడీ అడ్రస్ కనిపిస్తోందా? అయితే అది మౌంట్ అయింది, విండో మాత్రమే ఓపెన్ కాలేదు. ఆ ఫోల్డర్‌కి వెళ్లి చూసుకోండి.

ఫైల్ సిస్టమ్ దగ్గర క్రిప్టో లక్స్ అనో బిట్‌లాకర్ అనో ఉందా? తాళం వేసిన డిస్క్ అది. పాడవలేదు, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌కి పెట్టినప్పుడు కంపెనీ పాలసీ వల్ల బిట్‌లాకర్ పడి ఉండొచ్చు.

ఫైల్ సిస్టమ్ కాలమ్ ఖాళీగా ఉందా? ఇది కొంచెం సీరియస్. పార్టిషన్ టేబుల్ గానీ, ఫైల్ సిస్టమ్ మొదటి భాగం గానీ దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు కూడా లోపలి డేటా చాలాసార్లు అలాగే ఉంటుంది. టెస్ట్‌డిస్క్ అనే ఫ్రీ టూల్ పోయిన పార్టిషన్లని వెతుకుతుంది. కానీ ముందు కాపీ, తర్వాతే వెతుకులాట.

బాబాయ్ డిస్క్‌కి ఎన్‌టీఎఫ్‌ఎస్ అని స్పష్టంగా వచ్చింది. లేబుల్ దగ్గర ఆయన పెట్టుకున్న పేరు, "పెళ్లిళ్లు". ఆ పేరు చూపిస్తే, "ఉందా రా?" అన్నాడు బాబాయ్. ఉంది. మౌంట్ పాయింట్ మాత్రం ఖాళీ. చుట్టం వచ్చాడు, గుర్తుపట్టారు, ఎవరి తరఫో తెలిసింది. ఆగింది నాలుగో మెట్టు దగ్గర.

నాలుగో మెట్టు: ఫైల్ సిస్టమ్

మన దగ్గర తిరిగే ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఎక్కువ భాగం ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్. రెండూ మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చినవే.

ఎక్స్‌ఫ్యాట్ సంగతి త్వరగా చెప్పేస్తా. 2019లో మైక్రోసాఫ్ట్ దాని స్పెసిఫికేషన్ బయటపెట్టింది. ఆ ఏడాదే లైనక్స్ 5.4లో మొదటి డ్రైవర్ వచ్చింది, 2020లో 5.7తో దాని స్థానంలో మెరుగైనది వచ్చింది. అంటే ఇప్పటి డిస్ట్రోలలో సమస్య లేదు. కాలేజ్ ల్యాబ్‌లో చాలా పాత ఉబుంటు ఉంటే ఎక్స్‌ఫ్యాట్ ఫ్యూజ్ అనే ప్యాకేజ్ వేసుకోవాలి.

ఎన్‌టీఎఫ్‌ఎస్ దగ్గరే అసలు విషయం. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ మీద డర్టీ అనే ఒక చిన్న గుర్తు ఉంటుంది. డిస్క్‌లో రాయడం మొదలుపెట్టినప్పుడు సిస్టమ్ ఆ గుర్తు పెడుతుంది, పని సరిగ్గా ముగించి మూసినప్పుడు తీసేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ పీకేసినా ఆ గుర్తు అలాగే మిగిలిపోతుంది. డేటా పాడైందని దాని అర్థం కాదు. లెక్కలు పూర్తిగా రాయకుండా పుస్తకం మూసేశారు, ఒకసారి సరిచూడండి, అని అర్థం.

2021లో లైనక్స్ 5.15తో కెర్నల్‌లోకి ఎన్‌టీఎఫ్‌ఎస్3 అనే కొత్త డ్రైవర్ వచ్చింది. అది ఈ గుర్తు కనిపిస్తే మామూలుగా మౌంట్ చేయనంటుంది. లెక్క తేలని పుస్తకంలో మళ్లీ రాస్తే ఉన్నది కూడా చెడిపోతుందని దాని భయం. ఆ భయం న్యాయమైనదే. డీమెసేజ్‌లో చివరి లైన్ చూశాను. వాల్యూమ్ ఈజ్ డర్టీ, ఫోర్స్ ఫ్లాగ్ పెట్టలేదు, అని ఉంది. అసలు కారణం మొదటి నుంచీ అక్కడే రాసుంది. నేను ఫైల్ మేనేజర్ ఇచ్చిన బ్యాడ్ బ్యాడ్ మెసేజ్ చూసి పరుగెత్తాను.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. ఆ లైన్ కాపీ చేసి సెర్చ్ చేస్తే ఫోర్స్ పెట్టి మౌంట్ చేయమని సలహాలు వస్తాయి. పని అవుతుంది కూడా. కానీ దాని అర్థం, లెక్క తేలకపోయినా పర్లేదు రాయనివ్వు అని. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే ఇంకో కమాండ్ ఉంది. పేరులో ఫిక్స్ ఉంది కానీ అది పూర్తి రిపేర్ చేయదు. కొన్ని చిన్న తేడాలు సరిచేసి, మిగతాది విండోస్ చెక్ చేసుకోవాలని వదిలేస్తుంది. ఒక్కటే కాపీ ఉన్న డిస్క్ మీద ఈ రెండూ మొదటి పని కాకూడదు.

మొదటి పని ఏంటంటే రెండు అక్షరాలు. ఆర్, ఓ. మన వంటింట్లో నీళ్ల మెషీన్ కాదు, రీడ్ ఓన్లీ. సుడో, మౌంట్, హైఫన్ ఓ, ఆర్‌ఓ, తర్వాత పార్టిషన్ అడ్రస్, అంటే స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డిబి1 లాంటిది, చివర్లో ఏ ఫోల్డర్‌కి తగిలించాలో అది, స్లాష్ ఎమ్-ఎన్-టి పెట్టొచ్చు. చదువుకుంటాను, ఒక్క అక్షరం కూడా రాయను, అని మాట ఇస్తున్నామన్నమాట. ఆ మాట ఇస్తే డర్టీ గుర్తున్నా ఎన్‌టీఎఫ్‌ఎస్3 లోపలికి రానిస్తుంది.

ఎంటర్ కొట్టాను. ఏ మెసేజూ రాలేదు. లైనక్స్‌లో ఏమీ అనలేదంటే పని అయిందని. ఫోల్డర్ ఓపెన్ చేశాను. మూడు పెళ్లిళ్లు, మూడు ఫోల్డర్లు. బాబాయ్ కుర్చీ దగ్గరికి లాక్కుని కళ్లజోడు పెట్టుకున్నాడు. రెండో ఫోల్డర్‌లో తలంబ్రాల ఫోటోలు దాటాక ఆ నాయనమ్మ ఉన్నారు. పట్టుచీర, చేతిలో అక్షింతలు, పక్కన ఎవరో ఏదో అంటే నవ్వుతున్నారు. "ఇదే, ఇదే" అన్నాడు బాబాయ్. ముందు ఆ ఒక్క ఫోటో వాళ్లకి పంపించాం. తర్వాత మొత్తం డిస్క్ నా దగ్గరున్న ఇంకో డిస్క్‌లోకి కాపీ పెట్టి, అది అయ్యేదాకా ఇద్దరం మేలుకునే ఉన్నాం.

కాపీ అయ్యాక మర్నాడు ఫ్రెండ్ విండోస్ ల్యాప్‌టాప్‌లో చెక్‌డిస్క్ రన్ చేశాం. సి-హెచ్-కె-డి-ఎస్-కె, స్పేస్, డ్రైవ్ అక్షరం పక్కన కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని సరిగ్గా రిపేర్ చేయాలంటే అదే దారి. డర్టీ గుర్తు పోయింది. తర్వాత నా లైనక్స్‌లో పెడితే దానంతట అదే ఓపెన్ అయింది.

డ్యూయల్ బూట్ వాడేవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్‌ని హైబర్నేట్ చేసి పడుకుంటుంది. మౌంట్ అయి ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులు అలా సగం తెరిచినట్టే ఉండిపోతాయి. తర్వాత లైనక్స్‌లోకి వస్తే అవి సరిగ్గా మౌంట్ కావు, లేదా రాయడానికి ఒప్పుకోవు. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. లేదా షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడు పూర్తిగా ఆగుతుంది.

ఐదో మెట్టు: అన్నీ బాగున్నాయి, ఆటోమేటిక్‌గా మాత్రం రాదు

చేత్తో మౌంట్ చేస్తే బానే వస్తోంది, పెట్టగానే రావట్లేదు అంటే డిస్క్ తప్పు కాదు. డెస్క్‌టాప్ సంగతి. వెనక యుడిస్క్స్ అని ఒక సర్వీస్ ఉంటుంది. పెట్టిన డిస్క్‌ని మౌంట్ చేయమని డెస్క్‌టాప్ దాన్ని అడుగుతుంది. అడగకపోతే అది చేయదు.

చెక్ చేయడానికి యు-డి-ఐ-ఎస్-కె-ఎస్-సి-టి-ఎల్, స్పేస్, మౌంట్, హైఫన్ బి, తర్వాత పార్టిషన్ అడ్రస్. ఇది పనిచేస్తే యుడిస్క్స్ బాగుంది, అడిగేవాళ్లే లేరు.

కేడీఈలో ఆటోమౌంట్ డీఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో రిమూవబుల్ అని సెర్చ్ చేసి ఆన్ చేసుకోండి. గ్నోమ్‌లో మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, ఎవరో ఆఫ్ చేసి ఉంటే మీడియా హ్యాండ్లింగ్ సెట్టింగ్స్‌లో ఆటోమౌంట్ ట్రూ అని పెట్టాలి. ఐ3, స్వే లాంటి విండో మేనేజర్లు వాడుతూ స్క్రీన్‌షాట్లు పెట్టే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ దగ్గర ఆ పని చేసే మనిషే లేడు. యుడిస్కీ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని స్టార్టప్‌లో పెట్టుకోండి.

ఇంకో దోషి ఎఫ్‌ఎస్‌ట్యాబ్. ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే ఫైల్. ఎప్పుడో ఏదో ట్యుటోరియల్ చూసి అందులో ఎస్‌డిబి1 అని ఒక లైన్ రాసి మర్చిపోయి ఉంటారు. యుడిస్క్స్ ఆ లైన్‌నే పాటిస్తుంది. ఎస్‌డిబి అన్న పేరు శాశ్వతం కాదు, పెట్టిన వరసని బట్టి మారుతుంది. ఆ లైన్ తీసేయండి. ఉంచాలనుకుంటే పేరు బదులు యూయూఐడీ రాసి, ఆప్షన్లలో నోఫెయిల్ చేర్చండి. నోఫెయిల్ లేకపోతే, డిస్క్ పెట్టకుండా ల్యాప్‌టాప్ ఆన్ చేసిన రోజు బూట్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లిపోతుంది. రేపు ఇంటర్వ్యూ పెట్టుకుని ఇవాళ రాత్రి అది చూడటం మంచి అనుభవం కాదు.

డిస్క్ నిజంగానే పోతుంటే

టిక్ టిక్ చప్పుడు, ఐ ఓ ఎర్రర్లు, ఇవి వేరే కథ అన్నాను కదా. అప్పుడు చెక్‌డిస్క్, ఎఫ్‌ఎస్‌సీకే లాంటి రిపేర్లు వద్దు. అవి డిస్క్‌ని ఎక్కువ చదివిస్తాయి, ఎక్కువ రాయిస్తాయి. ముసలాయన్ని మెట్లెక్కించినట్టు. డిస్క్ ఇంకా కనిపిస్తూ ఉంటే డీడీరెస్క్యూ అనే టూల్‌తో మొత్తం డిస్క్‌ని ఇమేజ్‌గా ఇంకో పెద్ద డిస్క్‌లోకి తీయాలి. అది ముందు తేలిగ్గా చదవగలిగే భాగాలు తీసుకుని, కష్టమైన వాటి దగ్గరికి తర్వాత వస్తుంది. ఆ తర్వాత రిపేర్ ప్రయత్నాలన్నీ ఆ ఇమేజ్ కాపీ మీదే. డేటా మీ జీవితంలో చాలా ముఖ్యమైంది, డిస్క్ శబ్దం చేస్తోంది అంటే ఏదీ కొట్టకుండా తీసేసి, డిస్క్ విప్పి చేసే ల్యాబ్ ఉన్న రికవరీ వాళ్లకి ఇవ్వడమే మంచిది.

ఫోన్‌లో ఈ వీడియో చూస్తున్నవాళ్లకి

ల్యాప్‌టాప్ లేదు, ఇదంతా మాకెందుకు అనుకోవద్దు. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ లోపల ఉన్నది కూడా లైనక్స్ కెర్నలే. అక్కడ మౌంట్ చేసే సర్వీస్ పేరు వోల్డ్. చాలా ఫోన్లు ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని అర్థం చేసుకోవు. అర్థం కానప్పుడు డ్రైవ్ పాడైంది, సపోర్ట్ లేదు, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతాయి. అలా అడగడం డిస్క్ గురించి తీర్పు కాదు. "నాకు ఈ భాష రాదు" అని ఫోన్ చెప్పే పద్ధతి అది. భాష రాకపోతే పుస్తకం తగలబెట్టం కదా. క్యాన్సిల్ నొక్కి, వేరే మెషీన్‌లో చూడండి.

చివరిగా

మొత్తం ఒకసారి. కేబుల్, కరెంటు చూడండి. డీమెసేజ్‌లో కెర్నల్ ఏమంటోందో చదవండి. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో ఫైల్ సిస్టమ్ చూడండి. రీడ్ ఓన్లీలో మౌంట్ చేసి ముందు కాపీ తీసుకోండి. రిపేర్ ఆ తర్వాత. సెట్టింగులు అన్నిటికన్నా ఆఖర్న. ఇందులో ఎక్కడా ఫార్మాట్ అనే మెట్టు లేదు, గమనించారా?

డిస్క్ తీసేటప్పుడు ఎజెక్ట్ నొక్కి, తీయొచ్చు అన్నాకే తీయండి. కాపీ బార్ నూరు శాతం అయిపోయినా కొంత డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. ఎజెక్ట్ నొక్కితేనే అది పూర్తిగా డిస్క్‌లోకి దిగుతుంది.

బస్సెక్కించేటప్పుడు బాబాయ్ అడిగాడు, "ఇంతకీ ఏమైంది రా దానికి?" అని. "ఏమీ కాలేదు బాబాయ్. తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టడం మర్చిపోయినట్టు, అంతే" అన్నాను. "మరి నిన్న రాత్రి నీ మొహం అలా లేదే" అన్నాడు. నిజమే. ఇప్పుడాయన స్టూడియోలో యూపీఎస్ ఉంది, ప్రతి పెళ్లికీ రెండు డిస్కులు. రెండో డిస్క్ ఇంట్లో బీరువాలో ఉంటుంది. కార్డులు ఖాళీ చేసేది రెండు కాపీలూ ఓపెన్ చేసి చూసుకున్నాకే.

మీ ఇంట్లో కూడా పనిచేయట్లేదని డ్రాయర్‌లో పడేసిన డిస్క్ ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం బయటికి తీసి ఒక్కసారి డీమెసేజ్ చూడండి. ఎక్కడ ఆగిందో కామెంట్‌లో ఆ లైన్ పెట్టండి, కలిసి చూద్దాం. ఈ ఎపిసోడ్ ఉపయోగపడుతుందనుకుంటే మీ ఇంట్లో ఫోటోలు దాచే మనిషికి పంపండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం. అప్పటిదాకా ఎజెక్ట్ నొక్కకుండా ఏదీ పీకొద్దు. ఉంటా మరి.